అన్న చూడని గోడ

అన్న పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు. పోయిన వారం ఆస్పత్రిలో పాత ఎక్స్‌రేలు తెమ్మంటే వాళ్ళింటి బీరువా వెతికాను. చీరల మడతల కింద అది దొరికింది. వదిన దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, పక్కన రెండు నాఫ్తలీన్ ఉండలు ఉంచి దాచింది. అట్ట మీది సింహాల మెరుపు ఇంకా పోలేదు. లోపల ఫొటోలో అన్న కళ్ళు పెద్దవి చేసుకుని, గడ్డం పైకెత్తి, ఎవరో కొట్టబోతున్నట్టు కూర్చున్నాడు. జుట్టు నల్లగా ఉంది. ఆ పుస్తకం గడువు తీరడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి. అన్నకు అన్నేళ్ళు లేవని ఆస్పత్రిలో చెప్పారు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఏ పని మొదలుపెట్టినా ముందు ఏది, తర్వాత ఏది అని వరస రాసుకుంటేగాని చెయ్యి ఆడదు. ఇది కూడా అలాగే రాద్దామని కూర్చున్నాను గానీ వరస కుదరడం లేదు. పాస్‌పోర్టు గురించి చెప్పాలంటే పెరూ దేశంలోని ఒక గోడ గురించి చెప్పాలి. గోడ గురించి చెప్పాలంటే మా నాయన గురించి, మేము పెరిగిన రాతి క్వారీ గురించి, మా ఇంట్లో బెల్లం గురించి చెప్పాలి. అన్నిటికంటే పాతది బెల్లమే కాబట్టి అటునుంచే వస్తాను.

మా ఇల్లు బెంగుళూరు పక్క వర్తూరు చెరువుకు అవతల, క్వారీ అంచున ఉండేది. క్వారీని మా వాళ్ళు బండ అనేవారు. ఊరు అయిపోయాక రాగి చేలు, చేలు అయిపోయాక నీలగిరి తోపు, తోపు అయిపోయాక బండ, దాని అంచున వరసగా రేకుల ఇళ్ళు. ముత్తాతల కాలంలో రాళ్ళు కొట్టడానికి అనంతపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు అవన్నీ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, మేస్త్రితో రెండూ కలిపి. పొద్దున్నే అందరికంటే ముందు లేచేది కొలిమి. ముందురోజు మొండిబారిన ఉలులను నాయన నిప్పుల్లో గుచ్చితే, అమ్మ ఒక చేత్తో గాలి చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో పక్క పొయ్యి మీద సంగటి గెలికేది. బొగ్గు వాసన, ఉడికే రాగిపిండి వాసన, ఎర్రటి ఉలిని నీళ్ళలో ముంచినప్పుడు లేచే ఇనుప ఆవిరి వాసన. ఈ మూడూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. ఇప్పుడు మా ఫ్లాట్‌లో కాఫీ వాసనకు లేస్తాను. లేచాను గాని తెల్లవారలేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

బండలో ఎవరి సుత్తి చప్పుడు వాళ్ళదే. నాయనది రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, కాస్త ఆగడం. మా అన్న మునిరాజుది ఆగని చప్పుడు. నాకంటే పదేళ్ళు పెద్దవాడు, మీసం రాకముందే బండలోకి దిగాడు. "రేయ్ మునిరాజా, రాయితో కొట్లాడతాండావా? దాన్ని మాట్లాడించురా, తిట్టొద్దు!" అని నాయన కిందనుంచి అరిచేవాడు. "నువ్వు మాట్లాడిస్తాండు నాయనా, నేను అంతలోకి ఇంకోటి పగలగొడతా" అని అన్న పైనుంచి అరిచేవాడు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు బియ్యం ఏరుకుంటూనే ఆ చప్పుళ్ళను వింటుండేవారు. ఒక సుత్తి ఆగిపోతే ఆ ఇంటామె తల ఎత్తేది. మళ్ళీ మొదలైతే తల దించేది. సాయంత్రం మనుషులు పైకి ఎక్కి వచ్చేటప్పుడు రెప్పల వెంట్రుకలతో సహా తెల్లగా ఉండేవాళ్ళు. చిన్నప్పుడు నాయనకు జుట్టు రోజూ సాయంత్రం నెరుస్తుందనీ, స్నానం చేస్తే నల్లబడుతుందనీ అనుకునేవాణ్ణి.

ఆ స్నానానికి ముందు, మంచినీళ్ళకు కూడా ముందు, బెల్లం. అమ్మ గడపలో నిలబడి ఒక్కొక్కరి చేతిలో ఉసిరికాయంత ముక్క పెట్టేది. అది చప్పరించి మింగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. "దుమ్మును బెల్లం అతికించుకోని కిందికి దింపుతాది, పొద్దున దొడ్డికి పోతే అంతా పోతాది" అనేది అమ్మ. ఆ రేకుల ఇళ్ళన్నిటిలో అదే మాట. గొంతుకూ ఊపిరితిత్తులకూ దారులు వేరని మాకెవరికీ తెలియదు. తెలిసిన వాళ్ళెవరూ మా వైపు రాలేదు. ఒకసారి ఏదో ఆఫీసు నుంచి వచ్చి ముక్కుకు కట్టుకునే మాస్కులు పంచారు. మగవాళ్ళు ఒక పూట కట్టుకుని, చెమట పట్టి ఊపిరాడడం లేదని విప్పేశారు. అమ్మ వాటిని ఉతికి కాఫీ వడగట్టడానికి పెట్టుకుంది. "మనకు బెల్లం ఉండాది కదప్పా" అన్నాడు నాయన, దేవుడున్నాడు అన్నంత నిశ్చింతగా. పండగకు పాయసం వండకపోయినా ఫరవాలేదు గాని ఇంట్లో బెల్లం అచ్చు లేకుండా ఒక్కరోజు కూడా గడవలేదు. అంత నమ్మకంగా తప్పు చేసినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

నాయన దగ్గు మొదట్లో పొద్దుటి దగ్గు. తర్వాత పొద్దుటిదీ సాయంత్రానిదీ. తర్వాత వేళంటూ లేదు. సుత్తి చప్పుడులో ఆగడం ఎక్కువైంది, అమ్మ తల ఎత్తడం ఎక్కువైంది. చివరికి మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు చెవులదాకా ఎత్తి, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాగేవాడు. పడుకుంటే ఆడదు, అందుకని కూర్చునే నిద్రపోయేవాడు. టీబీ అని మందులిచ్చారు, టీబీ కాదని ఆపేశారు. అమ్మ బెల్లం ముక్క పెద్దది చేసింది. నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా నాయన అలా కూర్చునే పోయాడు. కూర్చున్న మనిషిని పడుకోబెట్టాలంటే మోకాళ్ళ దగ్గర గట్టిగా అదమవలసి వచ్చింది. ఆ పని అన్న చేశాడు.

గోడ మా ఇంటికి వచ్చింది అంతకు రెండేళ్ళ ముందు. మడివాళలో ఒక టీ అంగడికి అన్న చప్టా రాళ్ళు వేయడానికి వెళ్ళాడు. అక్కడ గోడకు ఏదో ప్రయాణాల కంపెనీ క్యాలెండర్, అందులో ఒక నెలకు రాతి గోడ బొమ్మ. పెద్ద పెద్ద రాళ్ళు, ఒక్కటీ చదరం కాదు, సున్నమూ సిమెంటూ ఏమీ లేవు, అయినా సందు కనిపించదు. మధ్యలో ఒక రాయికి పన్నెండు మూలలు. అన్న అంగడాయనను బతిమాలి ఆ కాగితం చించుకొచ్చి, మా రేకు గోడకు గంజితో అతికించాడు. ఇక ఆ సాయంత్రం నుంచి ఇంట్లో పంచాయితీ.

"ఇది ఏ ఊరప్పా? హంపి పక్క మాదిరి ఉండాది" అన్నాడు నాయన.

"హంపీ లేదు ఏమీ లేదు. కింద ఇంగ్లీషులో రాసుండాది, సీనా చదువురా."

"పెరూ" అని చదివాను.

"పేరూ లేదు ఊరూ లేదు, బాగుండాది" అన్నాడు నాయన. బొమ్మ దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశాడు. "ఒకటి మాత్రం ఖచ్చితంగా చెబుతా. వీళ్ళకి మేస్త్రి అనేవాడు లేడు. ఉండింటే ఒక్క రాయికి ఇన్ని మూలలు చెక్కేదాకా ఊరుకుంటాడా? ఎప్పుడో సున్నం పూసి బిల్లు పెట్టుకునేవాడు."

బాగా పదునుపెట్టిన ఇనుప ఉలి ఉంటేనే ఆ పని అవుతుందని అన్న పందెం కట్టాడు. నేను కాలేజీ లైబ్రరీలో చదివి, ఒకప్పుడు ఆ దేశాన్ని ఏలి, ఆ గోడ కట్టిన ఇన్కాలకు ఇనుమే తెలియదని, ఏటి రాళ్ళతో రాయిని కొట్టి కొట్టి, ఇసుకతో రుద్ది, పెట్టి చూసి, తీసి మళ్ళీ కొట్టి అలా చేశారని చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "సీనా, నీకు ఉద్యోగం వస్తే నన్ను ఆడికి తీసుకుపోతావా? ఒక్కసారి చెయ్యి పెట్టి చూసొస్తా. సందులో గోరు పోతాదా లేదా అని" అన్నాడు. తీసుకుపోతానన్నాను.

ఆ మాట తీర్చేందుకు పూనుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతలో బండ మూతపడింది. లోతు గుంటలో నీళ్ళు నిండాయి, నీళ్ళ మీద చెత్త పోశారు, చెత్త మీద మట్టి కప్పి, ఇప్పుడక్కడ నీలిరంగు ఈతకొలనున్న అపార్ట్‌మెంట్లు కట్టారు. అన్న సుత్తి వదిలి కటింగ్ మిషన్ పట్టుకున్నాడు. బొమ్మనహళ్ళి నుంచి వర్తూరు దాకా కొత్త ఫ్లాట్లలో వంటింటి గ్రానైట్ చప్టాలు, సింకు కోసం మధ్యలో గుండ్రంగా కోత. తలుపులు మూసిన గదిలో, నీళ్ళు పోస్తే గోడలకు పడుతుందని ఇంటివాళ్ళు వద్దంటే, పొడిగానే కోసేవాడు. చొక్కా జేబులో బెల్లం. ఇంజనీరుగా నాకు తెలిసింది ఇది: ఉలి దెబ్బకు లేచే దుమ్ములో చాలాభాగం ముతక, ముక్కులోనే ఆగుతుంది. తిరిగే బిళ్ళ రాతిని పొగలాగా చేస్తుంది, ఆ పొగ ఊపిరితిత్తుల చివరి సంచులదాకా పోయి అక్కడే ఉంటుంది. నాయన తరం ముప్పై ఏళ్ళలో పీల్చింది ఇప్పుడు అయిదారేళ్ళలో లోపలికి పోతుంది. పని సులువైంది, చేతికి కాయలు కాయడం తగ్గింది.

పాస్‌పోర్టు విచారణకు పోలీసాయన ఇంటికి వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. ఆయనా మా తెలుగువాడే.

"ఎందుకప్పా పాస్‌పోర్టు? గల్ఫుకు పోతాండావా?"

"లేదు సార్. గోడ చూసేదానికి."

"ఏ గోడ?"

"పెరూలో ఉండాది సార్. రాతి గోడ."

పోలీసాయన నా వైపు తిరిగాడు. "మీ అన్నకు బుద్ధి బాగానే ఉండాది కదా?"

"గోడ దగ్గర మాత్రం లేదు సార్" అన్నాను. ఆయన నవ్వి, వదిన ఇచ్చిన కాఫీ తాగి, సంతకం పెట్టి పోయాడు. మా ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే ఆఖరు.

ప్రయాణానికి నేను రాసుకున్న వరసలో వీసా తర్వాత ఒక అంశం ఉంది. ఆ గోడ ఉన్న కుస్కో పట్నం చాలా ఎత్తున ఉంటుంది, గాలి పలచన, కాబట్టి ఇద్దరం ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. అది అందరూ చేసే జాగ్రత్తే. నాది అయిదు నిమిషాల్లో అయిపోయింది. అన్న ఛాతీ ఫిల్మును డాక్టరమ్మ వెలుగు పెట్టె మీద పెట్టి, దగ్గరికి వంగి చూసింది. తర్వాత ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. నాయన సంగతీ చెప్పాను.

"ఈయనకు బెంగుళూరు గాలే చాలడం లేదు. మీరు కొండమీదికి తీసుకెళ్తారా?" అంది. లోపల చేరిన రాతి దుమ్ము బయటికి రాదనీ, మందు లేదనీ, పని ఈరోజే మానేస్తే ఇంకా కొత్తది చేరకుండా ఉంటుందనీ, చేరింది మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుందనీ చెప్పింది. అన్న అంతా విని, లిఫ్టులో నాతో, "ఈయమ్మ ఊరికే భయపెడతాది. నాకేముండాది, నెమ్ము. నాయనది వేరే" అన్నాడు. ఆ మాటను తర్వాత ఎన్నిసార్లు అన్నాడో! నాయనది వేరే. నాయనకు తిండి లేదు, నాయన బీడీ తాగేవాడు, నాయన బావి నీళ్ళు తాగేవాడు. నేను టికెట్లు రద్దు చేస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు పో. చూసి రా. ఒప్పుకున్న వంటిళ్ళు రెండుండాయి, నువ్వు వచ్చేలోగా ముగించి మిషన్ కింద పెడతా. ఒట్టు." ఆ ఒట్టు కోసమే పోయాను. మిషన్ కింద పెడితే నాలుగేళ్ళయినా పెరుగుతాయని ఆశ. విమానాశ్రయంలో నా సంచిలో ఒక పొట్లం దోపాడు. "కొండ మీద ఊపిరి ఆడదంటాండారు. బెల్లం నోట్లో పెట్టుకో."

కుస్కోలో దిగిన మొదటిరోజు హోటల్ మెట్లు ఎక్కుతూ సగంలో ఆగిపోయాను. గాలి ముక్కులోకి వస్తోంది, లోపలికి చేరడం లేదు. గోడకు చెయ్యి ఆనించి, వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టాను. పెట్టాక తెలిసింది అది నాయన కూర్చునే తీరు అని. ఎవరూ నేర్పకుండా శరీరం దానంతట అదే ఆ ఆకారంలోకి వస్తుంది. నాకది రెండు రోజులు. ఆ కొండల్లో అందరూ నమిలే కోకా ఆకుల టీ ఇచ్చారు, పడుకోమన్నారు, తగ్గింది. ఆయనకది ఏళ్ళు. ఎవరూ తగ్గుతుందని చెప్పలేదు.

పన్నెండు మూలల రాయి ఒక ఇరుకు సందులో ఉంది. క్యాలెండరులో కంటే చిన్నది, కాస్త ఆకుపచ్చ ఛాయ. నేను చెయ్యి చాపగానే కాపలామనిషి ఈల ఊదాడు. ముట్టుకోకూడదు. పక్కన పర్యాటకులు వరసగా నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఊరి పైన సక్సాయ్‌వామన్ కోట, ఏనుగులంత సున్నపురాళ్ళు. లోయల్లో కొండలకు మెట్లు కట్టినట్టు చేలు. మాచు పిచ్చులో మాత్రం గ్రానైట్, అంటే మా ఇంటి రాయి. చూసినవన్నీ ఫోనులో అన్నకు పంపాను. ప్రతిదానికీ ఒకే ప్రశ్న వచ్చేది: "ముట్టుకున్నావా?" ప్రతిదానికీ ఒకే జవాబు పంపేవాణ్ణి: తాడు కట్టారు, కుదరలేదు.

నన్ను తిప్పిన గైడు ఫ్రెడ్డీ, నా వయసువాడే. కోట దగ్గర అతన్ని అడిగాను: "ఈ రాళ్ళు కొట్టినవాళ్ళు ఎన్నేళ్ళు బతికేవాళ్ళు?" అతను నవ్వాడు. "అందరూ ఇది గ్రహాంతరవాసులు కట్టారా అని అడుగుతారు. కట్టినవాళ్ళు ఎన్నేళ్ళు బతికారని నువ్వే అడిగావు." తర్వాత నాలుగు అడుగులు నడిచి, "రేపు మా ఊరికి వస్తావా? మా అమ్మ సూప్ పెడుతుంది. అక్కడ నీకు ముట్టుకునే గోడ ఉంది" అన్నాడు.

వాళ్ళ ఊరు ఇంకా పైన. బండి దిగగానే నీలగిరి ఆకుల పొగ వాసన. ఆ కొండల నిండా నీలగిరి చెట్లే, పొయ్యిలోకీ అవే. ఒక్క క్షణం బండ అంచున నిలబడినట్టయింది. నేలమీద బంగాళాదుంపలు పరిచి, రాత్రి మంచుకు గడ్డకట్టించి పగలు ఎండబెడుతున్నారు. ఫ్రెడ్డీ ఇల్లు కింద సగం ఇన్కాల నాటి రాతి గోడ, పైన సగం మట్టి ఇటుకలు. ఎవరి తాడూ లేదు, గోడకు ఒక గాడిదను కట్టేశారు. నేను గోడ దగ్గరికి పోకముందే లోపలినుంచి ఒక దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలుసు. దానికి భాష లేదు. గడపలో ఒక ముసలాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు ఎత్తి కూర్చున్నాడు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

"మా నాన్న. గనిలో పనిచేశారు" అన్నాడు ఫ్రెడ్డీ. "కోకా ఆకు బుగ్గన పెట్టుకుంటే దుమ్ము లోపలికి పోదని వాళ్ళ నమ్మకం. ఇప్పటికీ అదే అంటారు."

నా సంచిలోని పొట్లం విప్పి ఒక బెల్లం ముక్క ఇచ్చాను. ఆయన వాసన చూసి, "చంకాకా" అన్నాడు. వాళ్ళకూ అలాంటిది ఉందట, చెరకుదే. పళ్ళు లేని నోటితో నవ్వి, బుగ్గలోని ఆకు పక్కకు నెట్టి, బెల్లం వేసుకున్నాడు. బదులుగా నా చేతిలో నాలుగు ఆకులు పెట్టాడు. నేనూ నమిలాను. చేదు, తర్వాత నాలుక మొద్దుబారింది.

అప్పుడు అన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి భోజనాల వేళ. అన్న తెర నిండా మొహం పెట్టుకుని, "చూపీ, చూపీ" అన్నాడు. గోడ చూపించాను. అరచెయ్యి ఆనించాను. చల్లగా, బుడిపెలు లేకుండా, మా అమ్మ రుబ్బురోలు లోపలి అంచులా ఉంది. సందులో గోరు పెట్టి చూపించాను.

"పోతాందా?"

"పోవడం లేదన్నా."

"అబ్బా! ఇంకో పక్క చూడు. కిందది. ఆడ పోతాదేమో."

"ఇక్కడా పోవడం లేదు."

"చూడు మల్ల! ఇనుము లేకుండా!" అన్న నవ్వాడు, నవ్వు దగ్గు అయింది, దగ్గు ఆగలేదు. ఇవతల ముసలాయన తలెత్తి ఫోను వైపు చూశాడు. చెయ్యి చాపాడు. ఫ్రెడ్డీ నా చేతిలోంచి ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు. దగ్గు సర్దుకున్నాక అన్న తెరలో ఆయనను చూశాడు. ఇద్దరిలో ఎవరికీ రెండోవాడి మాట ఒక్కటి తెలియదు. ముసలాయన బుగ్గ మీద వేలు పెట్టి చూపించి ఏదో అన్నాడు. ఆకు పెట్టుకోమని అనుకుంటాను. అన్న ఆయన మాట వినడం లేదు. ఆయన మోకాళ్ళను చూస్తున్నాడు, వాటి మీది చేతులను, ఎత్తిన భుజాలను.

"సీనా, ఈయప్ప ఎవరు?"

"గైడు వాళ్ళ నాన్న."

"గనిలో చేసినాడా?"

"అవునన్నా."

వెనక వదిన కంచం పెట్టిన చప్పుడు. "నాయన మాదిరే కూర్చోని ఉండాడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ ఇట్లే కూర్చుంటాండా సీనా, పోయిన నెల నుంచి. మీ వదిన చెప్పింది, నేను లేదన్నా" అన్నాడు. నేను ఏదో అనబోయాను. "సాకప్పా, ఇంక చాలు, చూసినా కదా" అని కాల్ కట్ చేశాడు. ఆ తర్వాత నాయనది వేరే అన్న మాట అన్న నోట మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ ఫిల్ము చూపించి చెప్పలేకపోయిన దాన్ని భూమికి అవతలి వైపున్న ఒక గడప చెప్పేసింది. నేను మోసుకొద్దామనుకున్నది గోడను.

ఒట్టు మాత్రం అన్న నిలబెట్టుకున్నాడు. నేను వచ్చేసరికి మిషన్ తుడిచి, వైరు చుట్టి, అటక మీద పెట్టేశాడు. నేను పెరుగుతాయనుకున్న ఏళ్ళు పెరగలేదు. పని మానిన ఏడాదికే మెట్లు దిగడం మానాడు, తర్వాత వీధి చివరి అంగడి, తర్వాత వాకిలి. నాయన ఉన్నప్పుడు మాకు ఏమీ తెలియదు, అందుకని ఏదో ఒకటి చేస్తూ ఉండేవాళ్ళం: బెల్లం, కషాయం, తాయెత్తు. చివరిదాకా అమ్మ చేతికి పని ఉండేది. ఇప్పుడు మాకు అన్నీ తెలుసు. జబ్బు పేరు, ఫిల్ములోని ప్రతి మచ్చ అర్థం, రక్తంలో ప్రాణవాయువు శాతం చూపే వేలి పరికరం. చేతికి మాత్రం పని లేదు. ఇంట్లో బెల్లం ఎవరూ తేవడం లేదు. ఏది మెరుగో నేను లెక్క తేల్చలేకపోయాను. అమ్మ బతికి ఉంటే పెద్ద ముక్క ఒకటి చేతిలో పెట్టేది, అన్న కాదనకుండా చప్పరించేవాడు, ఇద్దరికీ ఆ పూట గడిచేది.

ఎక్స్‌రేలు ఆస్పత్రిలో ఇచ్చేసి వచ్చిన సాయంత్రం అన్న పక్కన కూర్చున్నాను. మూలన ఆక్సిజన్ పెట్టె గురగురమంటోంది, సన్నని గొట్టం ముక్కుకు. ఇన్నాళ్ళూ అడగనివాడు, "ఆ ఫొటోలు పెట్టు సీనా" అన్నాడు. ఒక్కొక్కటే జరిపాను. గోడల దగ్గర ఆగలేదు, వేలు ఊపి ముందుకు పొమ్మన్నాడు. ఒల్యాంతాయ్‌తాంబో అనే ఊరి దగ్గర తీసిన ఫొటో వద్ద ఆపాడు. దారి పక్కన గడ్డిలో ఒంటరిగా పడున్న పెద్ద రాయి. మూడు వైపులా చెక్కారు, నాలుగో వైపు మొరటుగానే ఉంది.

"ఇదేంది, ఈడ పడేసినారు?"

"కొండ మీదికి లాక్కెళ్తున్న రాయి అన్నా. మధ్యలో ఆగిపోయింది. అలాంటివి దారి పొడుగునా ఉన్నాయి. వాటిని అక్కడ అలసిన రాళ్ళు అంటారు."

"రాయికి ఏం అలుపు. లాగేటోళ్ళకు గాని." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "పైకి ఇంకా ఎంత దూరం ఉండె?"

"దగ్గరే. రాయి దగ్గర నిలబడితే గోడ కనిపిస్తుంది."

అన్న ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, చెక్కిన వైపు, చెక్కని వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను నా ఒళ్ళో పెట్టి, చేతులు మోకాళ్ళ మీదికి తెచ్చుకున్నాడు.

"ఆ గాలి కొంచెం పెంచప్పా."

లేచి పెట్టె దగ్గరికి వెళ్ళాను. గాలి పెంచే మరను పట్టుకుని చూశాను. అది అప్పటికే చివరి గీత మీద ఉంది. అన్న నన్నే చూస్తున్నాడు. నేను వేళ్ళను మర మీదే ఉంచి, తిప్పినట్టు మణికట్టు ఆడించాను.

"ఆ, ఇప్పుడు బాగుండాది" అన్నాడు అన్న.